చదివింపులు, చందాలు, సంభావనలు

ధనుర్మాసంలో తెల్లవారుజామున మన డెల్టా గ్రామాల వీధులలోకి హరిదాసు వస్తాడు. తలపై అక్షయపాత్ర, ఒక చేత చిడతలు, మరొక చేత తంబుర. ఆయన గడపముందు నిలిచి యాచించడు. కీర్తన పాడుకొంటూ సాగిపోతాడు. ఇంటిలోనుంచి పిల్లవాడు దోసిట బియ్యం పట్టుకొని పరుగున వస్తే, దాసు మోకాలిపై వంగి, ఆ పాత్రను పిల్లవాని చేతులకు అందేటంతవరకు దించుతాడు. బియ్యం పాత్రలో పడతాయి, దీవెన వినిపిస్తుంది, పాట తరువాతి ఇంటివైపు కదలిపోతుంది. ఒక గాయకునికి స్వహస్తంతో ప్రతిఫలమిచ్చిన మొదటి అనుభవం మనలో చాలామందికి ఇదే అయి ఉండవచ్చును.

ఈ చిన్న సంగతిని ముందుగా ఎత్తుకొనడానికి కారణమున్నది. కొన్నేళ్ళుగా క్రౌడ్ ఫండింగ్ అనే మాట మన పత్రికలలో తరచుగా కనిపిస్తున్నది. ఒక చిత్రం తీయదలచినవాడు, ఒక గ్రంథం అచ్చువేయదలచినవాడు, ఒక పాటల సంపుటి వెలువరించదలచినవాడు ధనికుడైన నిర్మాతను గాని, బ్యాంకును గాని, ప్రభుత్వాన్ని గాని ఆశ్రయించకుండా, తన పనిని మెచ్చే సామాన్యులనే తలా కొంత అడిగి ఆ పని నెరవేర్చుకొనడం దీని సారాంశం. ఇది అమెరికానుంచి దిగుమతి అయిన విద్య అని కొందరి అభిప్రాయం. అందుకు వాడే యంత్రం కొత్తదే గాని, పద్ధతి కొత్తది కాదు. బందరు, గుడివాడ, దివిసీమల నడుమనున్న ఈ కొద్దిపాటి నేలమీదనే దీని రూపాలు అనేకం కనిపిస్తాయి. అయితే అవన్నీ ఒకటి కావు. సొమ్ము ఎప్పుడు ఇచ్చినారు, ఎవరి పేర ఇచ్చినారు, ఇచ్చినవానికి ఆ పనిపై ఏ హక్కు వచ్చినది అనే మూడు ప్రశ్నలకు సమాధానం మారినప్పుడల్లా కళాకారుని బ్రతుకూ మారుతుంది, అతని నోటి మాటా మారుతుంది.

మొదట చదివింపు అనే మాటనే చూడండి. పెండ్లిలో కట్నకానుకలు ఇచ్చినవారి పేరు, ఇచ్చిన మొత్తం పైకి చదివి వినిపించే ఆచారంనుంచి ఈ మాట వచ్చినది. ఇవ్వడం, ఆ ఇచ్చినది పదిమంది వినడం ఒకే క్రియాపదంలో ఇమిడిపోయినవి. హరికథలలో, బుర్రకథలలో కూడ ఇదే పద్ధతి. మా మాతామహుల గ్రామం గుడివాడకు చేరువలోనే ఉన్నది. నా చిన్నతనంలో అక్కడ శ్రీరామనవమి పందిళ్ళలో ఏటేటా హరికథ జరిగేది. దాసుగారు కథను సీతాకల్యాణందాకా నడిపి, సరిగ్గా మంగళసూత్రం దగ్గర ఆపేవారు. హారతి పళ్ళెం సభలోకి బయలుదేరేది. పళ్ళెంలో పడినది ఒక లెక్క. చీటీపై పేరు రాసి పంపినది మరొక లెక్క. ఫలానావారు అయిదు రూపాయలు చదివించినారని దాసుగారు ప్రకటించి, ఆ వంశాన్ని దీవించి, మళ్ళీ గజ్జెలు కదిపేవారు. ఒక ఏడు మా తాతగారు అయిదు రూపాయలు చదివించగా, ఎదురింటివారు పది చదివించినారు. తాతగారు వెంటనే పదకొండు పంపినారు. వాద్యాలవారు చూస్తూ ఊరుకొన్నారు, రాములవారు మంగళసూత్రం చేతబట్టుకొని అరగంట నిలబడినారు. మా అమ్మమ్మ ఆ తరువాత వారం రోజులు తాతగారిని ఈ మాటతోనే దెప్పినది.

నవ్వు తెప్పించే సంగతే అయినా ఇందులో గమనించవలసినది ఒకటున్నది. ఎంత చదివించినా సరే, కథను మార్చమని అడిగే హక్కు ఎవరికీ రాదు. పదకొండు రూపాయలిచ్చినంతమాత్రాన తాతగారు కల్యాణానికి బదులు లంకాదహనం చెప్పమని అనలేరు. ఇచ్చినవానికి దక్కినది పేరు వినిపించడం, ఒక దీవెన, అంతే. కథ దాసుగారిదే.

ఇక కూచిపూడికి వద్దాము. మొవ్వకు పొరుగున, చల్లపల్లికి దగ్గరలో ఉన్న ఈ గ్రామాన్ని గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా భాగవతులకు అగ్రహారంగా ఇచ్చినాడని ప్రసిద్ధి. 1763లో ఆ ఆస్తిని అక్కడి కుటుంబాలు పంచుకొన్న పత్రం కూడ ఒకటి కలదు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లు నేటికీ ఆ గ్రామాన్ని తలపింపజేస్తాయి. కాబట్టి కూచిపూడి వారు రాజపోషితులు అని మనం సులువుగా అనేస్తాము. భూమి వారికి తిండి పెట్టిన మాట నిజమే కావచ్చును. కాని మేళాన్ని నడిపినది సంచారం. వరికోతలు ముగిసి, ధాన్యం ఇళ్ళకు చేరిన తరువాత, చేతిలో కాస్త తీరిక, గాదెలో కాస్త మిగులు ఉన్న నెలలలో మేళాలు ఊరూరా తిరిగేవి. ఊరివారు బస ఇచ్చి, భోజనాలు ఏర్పరచి, కాగడాలకు నూనె సమకూర్చి, తెల్లవారేదాకా చూసి, చివరకు ఉన్నవారు ఉన్నంతలో ఇచ్చేవారు. టిక్కెట్టు లేదు, ప్రహరీ లేదు. ఇవ్వలేనివాడు కూడ ముందువరుసలో కూర్చొని చూడవచ్చును.

ఇంతకన్న విశేషమైనది పగటివేషం. వేషధారులు ఒక ఊరిలో దిగి, రోజుకొక వేషంతో పగటిపూటనే వీధులలో తిరుగుతారు. అర్ధనారీశ్వర వేషంలో ఒకే మనిషి ఒకవైపు శివుడుగా, ఒకవైపు పార్వతిగా తెరచాటున మారుతూ కనిపించడం చూసినవారికి అది మరపురానిది. అన్ని రోజులూ ఎవరినీ ఏమీ అడగరు. కట్టకడపట ఇంటింటికీ వచ్చి సంభావన అడుగుతారు. అనగా పని ముందు, ప్రతిఫలం వెనుక. విలువ కట్టేవాడు చూసినవాడే. ఊరివారు కాదంటే అన్ని రోజుల శ్రమా వృథా. ఇంత నమ్మకం పెట్టుకొని పని చేసే వృత్తి ఇంకొకటి ఉన్నదా అని నాకు సందేహం. మన దగ్గర ఏ వడ్రంగి గాని, ఏ వకీలు గాని ఇట్టి షరతుకు ఒప్పుకోడు.

ఒక ఊరిపై కాక అనేక గ్రామాలపై ఆధారపడిన కళాకారునికి ఒక ధైర్యం వస్తుంది. మాచుపల్లి కైఫీయతులోని కథ సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు ప్రజలను, స్త్రీలను సహా, హింసించి ధనం లాగడం దారిన పోతున్న కూచిపూడి భాగవతులు చూసి, విజయనగరం చేరి వీరనరసింహరాయల యెదుట ఆ ఘోరాన్నే వేషాలు కట్టి ప్రదర్శించినారని, రాయలు విచారించి ఆ పాలకుని శిక్షించినాడని ఆ కైఫీయతు చెబుతున్నది. గురవరాజు ఇచ్చే గ్రాసంమీదనే బ్రతికే మేళమైతే ఆ వేషం కట్టగలిగేదా?

ఏకైక పోషకుడు ఎప్పుడూ కళకు సంకెల అనడం మాత్రం న్యాయం కాదు. ఈ ప్రాంతంలోనే దానికి చక్కని వ్యతిరేక నిదర్శనం ఉన్నది. గుడివాడ ప్రాంతపు నందమూరుకు చెందిన గూడవల్లి రామబ్రహ్మంగారు 1938లో మాలపిల్ల, 1939లో రైతుబిడ్డ చిత్రాలను తీసినారు. రెండవది జమీందారీ వ్యవస్థలో రైతు పడే బాధలను చూపిన చిత్రం. దానికి ధనం సమకూర్చిన సారథి సంస్థ అధిపతి ఎవరనుకొన్నారు? దివిసీమ ముఖద్వారంలోని చల్లపల్లి జమీందారు, యార్లగడ్డ శివరామప్రసాద్‌గారు. జమీందారులపై తీసిన చిత్రానికి జమీందారే పెట్టుబడి! ఇతర జమీందారులు కొందరు ఆగ్రహించినారు. కొన్నిచోట్ల ఆ చిత్ర ప్రదర్శన నిషేధానికి గురి అయినది. చల్లపల్లివారి ఔదార్యం మెచ్చదగినదే. కాని అది ఒక వ్యక్తి మనసుపై ఆధారపడిన స్వేచ్ఛ. ఆ మనసు మరొక విధంగా ఉండి ఉంటే రైతుబిడ్డ పుట్టేదే కాదు.

కళకు కాక, కళాకారుడు కాబోయేవానికి ప్రజలు పెట్టిన పెట్టుబడి ఒకటి గుర్తుచేయవలసి ఉన్నది. గుడివాడ చెంత చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారిని తెలియని తెలుగు ఇల్లు లేదు. తండ్రి చిన్ననాటనే గతించినారు. సంగీతం నేర్వవలెనన్న పట్టుదలతో విజయనగరం చేరిన ఆ బాలునికి పట్రాయని సీతారామశాస్త్రిగారు పైకం పుచ్చుకొనకుండ విద్య చెప్పినారు. భోజనం మాటేమిటి? మధుకరం. జోలె భుజాన వేసుకొని ఇంటింటికీ వెళ్ళి, ఆ గృహిణులు పెట్టిన పట్టెడన్నంతో ఆయన సాధన సాగించినారు. ఆ తల్లులలో ఒకరికైనా తాము ఒక మహాగాయకుని పాటకు పెట్టుబడి పెడుతున్నామని తెలియదు. వారి పేర్లు ఏ చీటీమీదా చదివించలేదు. మనం ఇన్నేళ్ళుగా రేడియోలో విన్న ఆ కంఠానికి తొలి పోషకులు వారే.

ఇంతవరకు చెప్పినది కంటి ఎదుట జరిగే వ్యవహారం. ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు ఒకరినొకరు చూడగలరు. అచ్చుయంత్రం వచ్చిన తరువాత మూడవ పద్ధతి బలపడినది, అది చందా. పని ఇంకా పుట్టకముందే డబ్బు చెల్లించడం. 1902లో బందరులో కృష్ణాపత్రిక వెలువడినది. కొండ వెంకటప్పయ్యగారు, దాసు నారాయణరావుగారు దాని స్థాపకులు. దివి తాలూకాకు చెందిన ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో తాము మరణించేవరకు దానికి సంపాదకులుగా ఉన్నారు. చందాదారుడు చేసిన పని ఏమిటి? ఈ ఏడాది పొడుగునా మీరు ఏమి రాయబోతున్నారో నాకు తెలియదు, అయినా చదువుతాను అని ముందుగా హామీ ఇవ్వడం.

బందరులోనే 1910లో నెలకొన్న ఆంధ్ర జాతీయ కళాశాల కూడ ఇట్టి హామీలమీద లేచినదే. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరివారు, పట్టాభి సీతారామయ్యగారు ప్రజల విరాళాలతో దానిని నడిపినారు. జాతీయపతాక రూపశిల్పి పింగళి వెంకయ్యగారు అక్కడ ఉపాధ్యాయులు. ప్రమోదకుమార ఛటోపాధ్యాయ అక్కడ చిత్రలేఖనం నేర్పగా, అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులైనారు. ఆంధ్ర చిత్రకళ నవీనయుగంలో కొంతభాగం దాతల అణాపైసల ఫలమని చెప్పవచ్చును.

గ్రంథప్రచురణలో చందా పద్ధతికి మేలుబంతి విజ్ఞాన చంద్రికా మండలి. నాటి కృష్ణాజిల్లాలోని పెనుగంచిప్రోలులో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలైనవారు 1906లో దీనిని హైదరాబాదులో నెలకొల్పినారు. తరువాత అది మదరాసుకు తరలినది. చరిత్ర, ప్రకృతిశాస్త్రం, జీవితచరిత్రలు తెలుగులో రావలెనని వారి సంకల్పం. అట్టి పుస్తకాలకు ఏ జమీందారు అంకితం పుచ్చుకొంటాడు? కనుక వారు చందాదారులను చేర్చుకొన్నారు. సభ్యులకు పుస్తకం తక్కువ వెలకు దొరికేది. మండలికి ఎన్ని ప్రతులు అచ్చువేయవలెనో ముందే తెలిసేది. గాడిచర్లవారు రచించిన అబ్రహాము లింకను చరిత్ర ఆ మాలలో మొదటి పుస్తకం.

ఈ పద్ధతికి హద్దు ఎక్కడ ఉన్నదో కూడ లక్ష్మణరావుగారి జీవితమే చూపినది. ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొన్నారు. మూడు సంపుటాలు వెలువడినవి. మూడూ అకారంతోనే సరిపోయినవి. 1923లో ఆయన కన్నుమూసినారు. చిన్న పుస్తకానికి చందా సరిపోతుంది. ముప్పది ఏళ్ళు సాగవలసిన పనికి చందాదారుల ఓపిక, సంపాదకుని ఆయువు రెండూ చాలవు. ఆ సర్వస్వాన్ని తరువాత మళ్ళీ చేతికెత్తుకొన్నది పామర్రు ప్రాంతపు ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆయన వెనుక ఉన్నది అమృతాంజనం సంపాదన. తలనొప్పి మందు అమ్మిన డబ్బు తెలుగు అక్షరానికి ఎంత మేలు చేసినదో లెక్కకట్టడం కష్టం. అందుచేత ప్రజల చందా వచ్చినంతమాత్రాన పెద్ద పోషకుని అవసరం తీరిపోయినదని నేను చెప్పను.

చందాలో ఉన్న అసలు చిక్కు మరొకటి. పగటివేషంలో నష్టపోతే వేషధారి నష్టపోతాడు. చందాలో నష్టపోతే ఇచ్చినవాడు నష్టపోతాడు. పదేళ్ళ క్రిందట, మన తీరగ్రామాల జానపద గేయాలను సేకరించి అచ్చువేస్తామని ఒక సంస్థవారు అడుగగా నేను వేయి రూపాయలు ముందుగా చెల్లించినాను. రశీదు వచ్చినది, కృతజ్ఞతాపత్రం వచ్చినది, రెండుసార్లు గడువు పొడిగించినట్లు లేఖలు వచ్చినవి. పుస్తకం నేటికీ రాలేదు. వారు మోసగాళ్ళని నేను అనుకోను. కాగితం ధరకు, అచ్చు కూలికి లెక్కవేసుకొన్నారు గాని, పాటలు సేకరించడానికి ఊళ్ళు తిరిగే ఖర్చును మరచిపోయినారని తరువాత తెలిసినది. వేయి రూపాయలు పోయినందుకు కాదు, ఆ పాటలు పాడగల వృద్ధురాండ్రు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నందుకు నాకు ఆ సంగతి తలచినప్పుడల్లా కష్టం కలుగుతుంది.

కొత్త యంత్రం ఈ చిక్కుకు కొంత విరుగుడు కనిపెట్టినది. 2009లో అమెరికాలో మొదలైన కిక్‌స్టార్టర్ పద్ధతి ఇది. కళాకారుడు తనకు కావలసిన మొత్తాన్ని, గడువును ముందే ప్రకటిస్తాడు. గడువులోగా ఆ మొత్తానికి సరిపడ హామీలు చేరితేనే సొమ్ము అతనికి అందుతుంది. చేరకపోతే ఎవరి ఖాతానుంచీ ఒక్క పైసా కదలదు. సగం డబ్బుతో పని మొదలుపెట్టి నడిమధ్యలో చేతులెత్తే ప్రమాదం దీనివలన తగ్గుతుంది. మొత్తాన్ని సరిగా అంచనా వేయనివానిని మాత్రం ఏ యంత్రమూ కాపాడలేదు. ఇక పేరు చదివించడం అమెరికాకూ కొత్త కాదు. 1885లో న్యూయార్కు రేవులోని స్వేచ్ఛాదేవి విగ్రహానికి పీఠం కట్టడానికి డబ్బు చాలక పని ఆగిపోగా, జోసెఫ్ పులిట్జర్ అనే పత్రికాధిపతి ప్రజలను అడిగినాడు. ఎంత చిన్న మొత్తమిచ్చినా ఇచ్చినవారి పేరు తన పత్రికలో అచ్చువేస్తానన్నాడు. అయిదు నెలలలో లక్షా అరువదివేలకు మించినవారు లక్ష డాలర్లు ఇచ్చినారు. అందులో చాలామంది ఇచ్చినది ఒక డాలరుకంటె తక్కువే. మా తాతగారి పదకొండు రూపాయల మర్మం పులిట్జరుకు బాగా తెలుసునన్నమాట.

మన దేశంలో ఈ పద్ధతికి మహోదాహరణ 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన మంథన్. గుజరాత్ పాల సహకార సంఘాలలోని అయిదులక్షలమంది రైతులు తలా రెండు రూపాయలు ఇవ్వగా ఆ చిత్రం తయారైనది. విడుదల అయిన తరువాత రైతులే బండ్లలో, లారీలలో వచ్చి తమ చిత్రాన్ని తామే చూసినారు. దాని పునరుద్ధరింపబడిన ప్రతిని 2024లో కాన్ ఉత్సవంలో ప్రదర్శించినారు. తెలుగులో చూస్తే, ఫణీంద్ర నర్సెట్టి తీసి 2018 సెప్టెంబరులో విడుదల చేసిన మను చిత్రానికి 115 మంది కలిసి సుమారు కోటి రూపాయలు సమకూర్చినారు. అంతకు ముందు ఆయన తీసిన లఘుచిత్రాలను చూసి మెచ్చినవారి నమ్మకమే దానికి పునాది.

ఇక్కడ గృహస్థులు ఒక భేదం తెలుసుకొనవలెను. కళాకారునికి ఇచ్చే సొమ్ము దానం కావచ్చును, ముందస్తు కొనుగోలు కావచ్చును, వాటా కావచ్చును. దానంలో తిరిగి ఏమీ అడగరాదు. ముందస్తు కొనుగోలులో పుస్తకమో, టిక్కెట్టో, పాటల ప్రతియో మనకు రావలసి ఉంటుంది. వాటా అంటే లాభనష్టాలలో భాగం. దీనికి చట్టం వేరు. బహిరంగంగా జనాన్ని ఆహ్వానించకుండ వాటాలు ఇవ్వజూపే సంస్థ ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి ఇవ్వజూపరాదని 2013 నాటి కంపెనీల చట్టం చెబుతున్నది. లాభం పంచుతామని ఎవరైన చెప్పినప్పుడు ఏ కాగితంమీద, ఏ సంస్థ పేర అని అడగడం అమర్యాద కాదు. ఈ మూడింటిని కలగాపులగం చేసినందువలన ఎందరో మంచి మిత్రులు విరోధులైనారు.

ఇన్ని మేళ్ళు చెప్పిన తరువాత వెలితి కూడ చెప్పవలెను. వేయిమంది పోషకులున్నవాడు ఒక పోషకుని దయనుంచి బయటపడతాడు గాని, వేయిమంది ముచ్చటకు లోబడవచ్చును. మన పద్యనాటకమే దీనికి సాక్షి. బందరు పాఠశాలలో పండితపదవిలో ఉండిన చెళ్ళపిళ్ళవారు, దివాకర్లవారు జంటగా రచించిన పాండవోద్యోగ విజయాలు తెలుగునేల అంతటా ఆడినవి. పద్యం అందుకొన్న నటుని రాగం పొడుగును బట్టి చప్పట్లు, చప్పట్లను బట్టి కానుకలు. వన్స్ మోర్ అన్న కేక వినబడగానే శ్రీకృష్ణుడు రాయబారం ఆపి అదే పద్యాన్ని మళ్ళీ అందుకొనేవాడు. పడకసీను ముగిసేసరికి కోడి కూసేది. గొప్ప గాయకులు పుట్టినారు. నాటకం మాత్రం సన్నగిల్లినదని నాటి విమర్శకులు వాపోయినారు. డబ్బు, మెప్పు అప్పటికప్పుడు చేతికందే చోట ఈ ప్రలోభం ఎప్పుడూ ఉంటుంది. నేడు సెల్‌ఫోనులో క్షణక్షణం లెక్క కనిపిస్తుంటే కొత్త కళాకారునికి అది మరింత కష్టం. హరికథకుని పళ్ళెం కల్యాణ ఘట్టం దగ్గర ఒక్కసారే తిరిగేది. మిగిలిన రాత్రంతా ఆయన తన దారిన తాను కథ చెప్పేవాడు. ఆ ఒక్కసారి అనే నియమంలో మన పెద్దల లోకజ్ఞానం కనిపిస్తుంది.

నెలజీతం పుచ్చుకొనే ఉద్యోగిని నేను. ఈ ధర్మపన్నాలు నాకు సులభమే. అయితే రేడియోకూ ఈ చరిత్రలో భాగమున్నది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైన నాటినుంచి చాలాకాలంవరకు రేడియో ఉన్న ప్రతి ఇంటివారు తపాలా కార్యాలయానికి వెళ్ళి, ఏటేటా లైసెన్సు రుసుము కట్టి, ఆ చిన్న పుస్తకంపై ముద్ర వేయించుకొనేవారు. 1980ల నడుమ అది రద్దయినది. మన పాత పెట్టెలలో ఆ పుస్తకాలు ఇంకా దొరుకుతాయి. నాటకం వచ్చినా, సేద్యపు విషయాలు వచ్చినా, ఇంటివారు నిద్రపోయినా రుసుము ఒక్కటే. తనకు నచ్చిన కార్యక్రమానికి ఎక్కువ, నచ్చని దానికి తక్కువ అనే వీలు లేదు. అందువలననే పదిమంది మాత్రమే వినే వీణాగానానికి కూడ సాయంకాలం కొంత సమయం దొరికినది. శ్రోత నేరుగా కళాకారునికి ఇచ్చుకొనే పద్ధతిలో ఈ అవకాశం లేదు. ఆ పదిమందే వీణను మోయవలసి ఉంటుంది.

ఈ ఏడాది మా స్టూడియోకు ఒక బుర్రకథ దళం వచ్చినది. రికార్డింగు ముగిసిన తరువాత ప్రధాన కథకునితో కాసేపు మాట్లాడినాను. ఇంటిలో సన్మానపు శాలువాలు ఎన్ని ఉన్నవో తనకే లెక్క తెలియదని ఆయన నవ్వుతూ చెప్పినాడు. హార్మోనియం మెట్లు రెండు పలకడం మానివేసినవట. బాగుచేయించడానికి డబ్బు చాలడంలేదు. శాలువాకు పెట్టే ఖర్చు చేతికిస్తే ఎంత బాగుండునో అని ఆయన అనలేదు గాని, నాకు వినిపించినది. 2021లో గంగిరెద్దు నుదుటికి చెల్లింపు చిహ్నం కట్టిన దృశ్యం దేశమంతటా ప్రచారమైనది. ఈ దళంవారు కూడ అదే చిహ్నాన్ని అట్టపై అంటించి గుమ్మెట పెట్టెమీద నిలబెడుతున్నారు. చిల్లర లేదనే మాట దానితో పోయినది. దూరాన హైదరాబాదులోనో, డల్లాసులోనో ఉన్న ఊరివారు కూడ కథ వింటూనే పంపగలుగుతున్నారు.

కాని ఆ కథకునికి ఎక్కువ ఉపకారం చేసినది ఆ చిహ్నం కాదట. దివిసీమలోని ఒక గ్రామపు యువకులు నిరుడు పదిహేను రోజులు ముందుగానే సగం పైకం పంపి, ప్రయాణపు బండి మాట్లాడి, మిగిలిన సగం కథ మొదలుకాకముందే చేతిలో పెట్టినారు. ఏ కథ చెప్పవలెనని అడిగితే, మీ ఇష్టమన్నారట. ఆ పైకంలోనుంచే హార్మోనియం అవనిగడ్డలో బాగుకు ఇచ్చి వచ్చినాడు. ఒక మెట్టు ఇంకా సరిగా పలకడంలేదని, శ్రుతి మార్చి ఆ మెట్టు తగలకుండ పాడుతున్నానని చెప్పి, టేపులో అది తెలిసిపోతుందా అని నన్నడిగినాడు. తెలియలేదు.